పద్నాలుగేళ్ల మాట

చలనచిత్రమనగానే పాటలు, పోరాటాలు, నాయికానాయకులు మన కనుల ముందు మెదలుతారు. డాక్యుమెంటరీ అనగానే తరగతిలో బలవంతాన చూపే నీరసమైన పాఠమని మనలో చాలామంది భావన. మేము నలుగురమూ అలాగే తలచేవాళ్లం. మాలో ఇద్దరం ఉర్దూ మాధ్యమం నుండి, ఇద్దరం తెలుగు మాధ్యమం నుండి ఈ కళాశాలకు వచ్చినవాళ్లం. ప్రథమ సంవత్సరంలో మా ఆంగ్ల అధ్యాపకురాలు ఒక ఆస్ట్రేలియా చిత్రాన్ని మాకు చూపించి ఉండకపోతే, ఈ వ్యాసం వ్రాసే అవసరమూ, ఇందులో చెప్పుకోబోయే పొరపాటు చేసే అవకాశమూ మాకు కలిగేవి కావు.

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రానికి అడిలైడ్ రాజధాని. 1970వ దశకం నడుమ ఆ రాష్ట్రపు చలనచిత్ర సంస్థ, పాతికేళ్ల ప్రాయంలో ఉన్న జిలియన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే దర్శకురాలికి ఒక పని అప్పగించింది. పద్నాలుగేళ్ల ఆడపిల్ల బ్రతుకు ఎలా ఉంటుందో చిత్రించడమే ఆ పని. శ్రామిక కుటుంబాలకు చెందిన ముగ్గురు బాలికలతో ఆమె తీసిన ‘స్మోక్స్ అండ్ లాలీస్’ 1976లో వెలువడింది. సిగరెట్లు, మిఠాయిలు అని ఆ పేరుకు అర్థం. బాల్యానికీ యౌవనానికీ నడుమ నిలిచిన వయసుకు అది తగిన పేరే.

పని అంతటితో ముగిసిందనే అందరూ అనుకున్నారు. కాని ఆ పిల్లలు ఏమయ్యారో తెలుసుకోవాలన్న ఆరాటం దర్శకురాలిని విడువలేదు. వారి పద్దెనిమిదో ఏటి చిత్రం 1981లో, ఇరవై ఆరో ఏటిది 1988లో, ముప్ఫై మూడో ఏటిది 1996లో, నడివయసు నాటిది 2010లో వచ్చాయి. ఈ నడుమ ఆమె 1979లో ‘మై బ్రిలియంట్ కెరీర్’, 1994లో ‘లిటిల్ విమెన్’ వంటి కథాచిత్రాలు తీసి పేరు గడించింది. అయినా అడిలైడ్‌లోని ఆ ముగ్గురి ఇళ్లకు దారి మరువలేదు. చదువు మధ్యలో ఆగిపోవడం, చిన్న వయసులోనే తల్లులు కావడం, పెళ్లిళ్లు, ఎడబాట్లు, తిరిగి నిలదొక్కుకోవడం అన్నీ ఆ అయిదు చిత్రాలలో ఉన్నాయి.

మేము చూచినది అయిదవ చిత్రం. అందులో పాత చిత్రాల భాగాలు కూడా ఉన్నాయి. నడివయసు స్త్రీ మాటలాడుతూ ఉండగా, మరుక్షణంలో అదే ముఖం పద్నాలుగేళ్ల నవ్వుతో ప్రత్యక్షమవుతుంది. ఇటువంటి చిత్రాల బలమంతా ఆ రెండు ముఖాల నడుమ ఉన్న అతుకులోనే ఉంది. ఆనాడు డాక్యుమెంటరీలకు వాడిన 16 మిల్లీమీటర్ల ఫిల్ములో నాలుగు వందల అడుగుల చుట్ట పదకొండు నిమిషాలకే అయిపోయేది. ఏది తీయాలో, ఏది వదలాలో ప్రతి క్షణమూ నిర్ణయించుకోవలసిందే. నేడు మన అరచేతిలోని ఫోను గంటల కొద్దీ తీస్తుంది. కనుక ఆ నిర్ణయం తీయడంలో కాక, చూపడంలో చేయవలసి వస్తున్నది. ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.

ఇంగ్లండులో 1964లో మొదలైన ‘సెవెన్ అప్’ చిత్రమాల ఇంతకంటె ప్రసిద్ధమైనది. ఏడేళ్ల పిల్లలను ఎన్నుకొని, ఏడేళ్లకొకసారి వారిని కలుస్తూ, 2019లో అరవై మూడేళ్ల వయసు దాకా వెంబడించారు. అయితే ఆ పద్నాలుగు మంది పిల్లలలో ఆడపిల్లలు నలుగురే. చిరకాలం ఆ మాలకు దర్శకత్వం వహించి 2021లో మరణించిన మైకేల్ ఆప్టెడ్ ఈ లోపానికి బహిరంగంగానే విచారించారు. 2005 నాటి చిత్రంలో ఆ నలుగురిలో ఒకామె, తనను చిత్రించిన తీరు సరికాదని కెమెరా ఎదుటనే ఆయనను నిలదీసింది. ఆ ఘట్టాన్ని ఆయన తొలగించలేదు. మేము దానిని చూచి మెచ్చుకున్నాం. అటువంటి ప్రశ్న మా ఎదుటికే రాగలదని మాత్రం ఊహించలేదు.

అడిలైడ్ చిత్రం చూచిన ఉత్సాహంలో మేమూ ఒక ప్రయత్నం ఆరంభించాం. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఈ ఊరిలో, మా వీధులలోనే, తొమ్మిదవ తరగతి చదివే ముగ్గురు బాలికలను ఎన్నుకున్నాం. పెద్దల అనుమతి తీసుకున్నాం. ఒకరి దాదీ మాత్రం “ఆడపిల్ల మాటలు పెట్టెలో పెట్టి ఏం చేస్తారమ్మా?” అని అడిగింది. మేము నవ్వి ఊరుకున్నాం. ఆరు నెలలకొకసారి ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగి ఫోనులో చిత్రించాం.

వారిలో ఒక అమ్మాయి లెక్కలలో దిట్ట. ఆమె తల్లి ఇంటిలోనే జాకెట్లకు మగ్గం వర్కు చేస్తుంది. మొదటిసారి చిత్రించినప్పుడు ఆ పిల్ల తల ఎగురవేసి, “నేను లెక్కల టీచరునవుతాను. అమ్మీలాగా సూది పట్టుకుని వంగిపోను” అన్నది. ఎంత చక్కగా అన్నదని మేము మురిసిపోయాం. మా చిత్రానికి ఆ మాటే ప్రాణమని నిశ్చయించుకున్నాం.

రెండేళ్లు గడిచాయి. ఆ ముగ్గురూ పదవ తరగతి ఉత్తీర్ణులయ్యారు. ఒకరు ఇంటర్‌లో, ఒకరు పాలిటెక్నిక్‌లో చేరారు. లెక్కల పిల్ల తండ్రికి జబ్బు చేసింది. ఆమె చదువు ఆగింది. ఇప్పుడు తల్లికి ఎదురుగా, అదే మగ్గానికి రెండవ వైపున కూర్చుంటున్నది.

ఈ ఏడు కళాశాల వార్షికోత్సవంలో మా చిత్రం ప్రదర్శించాలని సంకల్పించాం. పద్నాలుగేళ్ల ఆ మాట, దాని వెంటనే పదహారేళ్ల ఆ చేతిలో సూది. ఆ అతుకు చూచి సభ నిశ్శబ్దమవుతుందని మాకు తెలుసు. ముందుగా ఆ అమ్మాయికి చూపించాం. చూచి చాలాసేపు మాటలాడలేదు. తరువాత, “బాజీ, ఇది చూపించకండి” అన్నది.

మేము వాదించాం. సత్యం దాచరాదన్నాం, నీ వంటి వారి కష్టం లోకానికి తెలియాలన్నాం, అడిలైడ్ స్త్రీల ధైర్యం చెప్పాం. ఆమె శాంతంగా విన్నది. “నా కష్టం చూపించండి, నాకు సిగ్గు లేదు. కాని ఆ మాట అమ్మీ వింటుంది. అప్పుడు సూది సంగతి నాకు తెలియదు. ఇప్పుడు రోజూ ఆమె ఎదురుగా కూర్చుంటున్నాను” అన్నది.

మాకు జవాబు దొరకలేదు. మా చిత్రానికి ప్రాణమనుకున్న మాట మరొకరి గుండెలో ముల్లు కాగలదని మేము తలచనే లేదు. అడిలైడ్ స్త్రీలు తిరిగి తిరిగి కెమెరా ముందుకు వచ్చారంటే అది దర్శకురాలి పట్టుదల ఒక్కటే కాదు, వారు మళ్లీ మళ్లీ ఇచ్చిన అంగీకారం కూడా. పద్నాలుగేళ్ల పిల్ల ఇచ్చిన మాట పదహారేళ్ల పిల్లను బంధించరాదు. పెరగడమంటే తన పాత మాటను తానే మార్చుకోగలగడం కూడా కదా! పెద్దల అనుమతి అడిగిన మేము, పెరిగిన ఆ పిల్ల అనుమతి అడగవలసిన అవసరం ఉన్నదని మరచాం.

వార్షికోత్సవంలో మా చిత్రం ప్రదర్శించలేదు. ఆ భాగాన్ని చెరిపివేస్తామని చెప్పడానికి వెళ్లాం. ఆమె సూది ఆపి, “చెరపకండి బాజీ, చూపించకండి” అన్నది. ఆ రెండు మాటల నడుమ ఉన్న దూరమే రెండేళ్ల మా శ్రమకు దొరికిన పాఠం. ఆ భాగం ఉన్న మెమరీ కార్డును ఆమె చేతికే ఇచ్చాం. మా దగ్గర నకలు ఉంచుకోలేదు. ఆమె అనుమతితోనే, పేరు తెలియనీయకుండా, ఆ సంగతి ఇక్కడ వ్రాస్తున్నాం. ఈ పత్రిక ఇంటికి చేరకముందే అమ్మీకి తానే చెప్పుకుంటానన్నది.

ఈ వేసవితో మా చదువు ముగుస్తుంది. మేము నలుగురమూ నాలుగు దిక్కులకు పోతాం. ఆ అమ్మాయి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇంటర్ పరీక్షకు కట్టాలనుకుంటున్నది. ఫారం నింపడానికి మాలో ఒకరం వచ్చే వారం వెళుతున్నాం. ఈసారి ఫోను సంచిలోనే ఉంటుంది. ఆమె తీయమంటేనే బయటికి తీస్తాం.