చదివిపెట్టుట, చదువుకొనుట

మేము ఎనిమిదవ తరగతికి వ్యాకరణము చెప్పుచు ఒకనాడు, ‘చదువు’ అను ధాతువును ప్రయోగించి తమ యింటివారిని గూర్చి మూడు వాక్యములు వ్రాయుడని విద్యార్థులకు చెప్పితిమి. ఒక బాలిక ఇట్లు వ్రాసెను: “మా నాన్న వార్తాపత్రిక చదువును. మా అన్న పట్టణములో చదువుకొనుచున్నాడు. మా అమ్మ మమ్ములను చదివించుచున్నది.” మూడు వాక్యములును నిర్దుష్టములే. ఎర్రసిరాతో సున్న చుట్టవలసిన అక్షర మొక్కటియు లేదు. ‘బాగున్నది’ అని వ్రాసి పుస్తకము ప్రక్కన పెట్టితిమి గాని, ఆ రాత్రి చాలసేపటివరకు మాకు నిద్ర పట్టలేదు. ఒకే యింట ఒకే ధాతువు ముగ్గురికి మూడు రూపములుగా పంచబడినది. అందు తల్లి పాలికి వచ్చిన రూపము మాకు మా తల్లిని జ్ఞప్తికి తెచ్చినది.

మన భాషలో క్రియ తరచుగా ఒంటరిగా నడువదు. దాని వెంట ఒక చిన్న క్రియ తోడు వచ్చి, జరిగిన పని యేదో చెప్పుటతో తృప్తిపడక, అది యెవరికొరకు జరిగినదో కూడ చెప్పును. ‘వండెను’ అన్నచో మనకు పొయ్యి మాత్రమే కనబడును. ‘వండుకొనెను’ అన్నచో వండినవారే తినువారని తెలియును. ‘వండిపెట్టెను’ అన్నచో విస్తరి ముందు మరియొకరు కూర్చుండిరని తెలియును. సంస్కృతము చదివినవారికి ఇట్టి భేదము క్రొత్త గాదు. కొన్ని ధాతువుల విషయమున, క్రియాఫలము కర్తకే చెందునపుడు ఆత్మనేపదము వాడవలెనని పాణిని విధించెను. యాగఫలము తనదిగా గల యజమానుని గూర్చి ‘యజతే’ యనియు, అతని కొరకు హోమము చేయు ఋత్విజుని గూర్చి ‘యజతి’ యనియు అందురు. ఆంగ్లమున ఈ భేదము తెలుపుటకు ‘తన కొరకు’, ‘ఒరుల కొరకు’ అనునట్టి మాటలు వేరుగ చేర్చవలసి యుండును. మనకు రెండక్షరముల ‘కొను’ చాలును.

మంచి కవికి ఈ చిన్న క్రియల విలువ తెలియును. ‘నవ్వెను’ అన్నచో ఆ నవ్వు ఎదుటివారందరును చూచినది. ‘నవ్వుకొనెను’ అన్నచో అది ఒక్కరి లోపల జరిగినది. అన్నిటికంటె మాకు ఆశ్చర్యము గొల్పునది ‘అను’ ధాతువు. ‘అనెను’ అనగా పలికెను. ‘అనుకొనెను’ అనగా తలచెను. తలపనగా తనతో తాను పలుకు పలుకే యని మన పూర్వులు ఎన్నడో గ్రహించి, ఆ సంగతిని ఒక క్రియలో దాచి మన చేతికిచ్చిరి. విశేషణములు పేర్చి శోకమును వర్ణించిన పద్యము కంటె, తగినచోట ఒక్క ‘కొను’ నిలిపిన పద్యము మనస్సునకు దగ్గరగా పోవుట కలదు. విశేషణము మనిషి ఎట్లున్నదో చెప్పును. క్రియ ఆమె ఏమి చేసినదో, ఆ పని ఫలము ఎవరికి పోయినదో చెప్పును.

ఇక ఈ రెండు క్రియలను మన యిండ్లలో ఎవరికెట్లు పంచితిమో చదువరులు ఒకసారి ఆలోచింతురు గాక. యజమానుడు చదువుకొనెను, సంపాదించుకొనెను, ఇల్లు కట్టుకొనెను. ఇల్లాలు వండిపెట్టెను, కుట్టిపెట్టెను, అడిగినవన్నియు అమర్చిపెట్టెను. ‘కొను’ ఆమె వాకిటికి ఎన్నడును రాలేదా యందురేమో, వచ్చినది. ఆమె సర్దుకొన్నది, ఓర్చుకొన్నది, చెప్పదలచినది కడుపులో దాచుకొన్నది.

మా తల్లికి అక్షరములు రావు. ఆమె చెల్లెలు, మా పిన్ని, నాలుగు తరగతులు చదివినది. ఆమె దూరపు టూర కాపురముండి నెలకొక కార్డు వ్రాయుచుండెను. మా తల్లి ఆ కార్డులను మాచేత చదివించుకొనెడిది, జవాబులు మాచేతనే వ్రాయించుకొనెడిది. మాకు పదునొకండేండ్ల వయస్సున ఒక సాయంకాలము, కార్డు చదువుట ముగిసిన వెంటనే ఆమె, “నాయనా, ఆ అక్షరాలేవో నాకూ కాస్త చెప్పిపెట్టరాదూ?” అని అడిగెను. “నీకెందుకమ్మా ఆ శ్రమ? ఎన్ని కార్డులొచ్చినా నేను చదివిపెడతాగా!” అని మేము ఆటకు పరుగెత్తితిమి. ఆమె అప్పుడేమియు అనలేదు. ఏమి అనుకొన్నదో మేము అడుగలేదు. మరల ఆ ప్రసంగము ఆమె ఎత్తనేలేదు.

ఆమె గతించిన పిదప పెట్టె సర్దుచుండగా ఆ కార్డుల కట్ట దొరకినది. ఒక కార్డున, క్షేమసమాచారముల క్రింద, మిగిలిన కొద్ది చోటులో పిన్ని సన్నని అక్షరములతో ఇట్లు వ్రాసియుండెను: “అక్కా, పిల్లవాడు రాసే జాబులో నువ్వు కనపడవు. వంకరటింకరగానైనా నీ చేత్తో నాలుగు ముక్కలు రాయి.” తేదీ చూచితిమి. ఆమె మమ్ము అక్షరములు చెప్పుమని అడిగిన యేటిదే. ఆ వాక్యమును మేము ఆమెకు చదివి వినిపించితిమో, ఆట తొందరలో ‘అందరూ క్షేమమట’ అని ముగించితిమో ఎంత యోచించినను జ్ఞప్తికి రాదు. వినిపించియుండినచో ఆమె అందుకొరకే అడిగియుండును, మేము కాదంటిమి. వినిపింపకుండినచో, చెల్లెలు పంపిన మాట అక్కకు చేరనేలేదు. రెండింటిలో ఏది నిజమైనను తప్పు మాదే. ఒకరికి చదివిపెట్టువాని చేతిలో ఎంత అధికారముండునో నాడు మాకు బోధపడినది.

‘పెట్టు’ అను క్రియయందు దోషము లేదు. మా తల్లి కోరినది కూడ ‘చెప్పిపెట్టు’ మనియే గదా. కాని చెప్పిపెట్టిన చదువు కొన్నాళ్లకు చదువుకొనుటగా మారును; చదివిపెట్టిన చదువు ఎన్నాళ్లు గడచినను చదివిపెట్టుటగానే నిలిచిపోవును. మొదటి దానికి ఓపిక కావలెను. రెండవ దానికి రెండు నిమిషములు చాలును. మేము ఆ రెండు నిమిషములనే ప్రేమ యనుకొంటిమి.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించిరి. 1883లో స్త్రీల కొరకు ‘సతీహితబోధిని’ ప్రారంభించిరి. అటుపిమ్మట నూరేండ్లకు పైగా గడచిన తరువాత జరిగిన 2011 జనగణనలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు నిండిన పురుషులలో నూటికి సుమారు 75 మంది అక్షరాస్యులు కాగా స్త్రీలలో సుమారు 59 మందియే. మిగిలిన స్త్రీలలో, తాము చదువుకొనక పిల్లలను చదివించినవారెందరో ఉందురు. మన మట్టివారిని త్యాగమూర్తులని పొగడుదుము. పొగడ్త కూడ మన మామెకు చేసిపెట్టు పనియే గాని, ఆమె చేసికొను పని కాదు.

మొన్న పరీక్షల అనంతరము ఆ బాలిక తల్లి ప్రోగ్రెస్ కార్డు కొరకు పాఠశాలకు వచ్చెను. సంతకము చేయవలసిన చోట ఆమె బొటనవ్రేలు చాచెను. కుమార్తె కలము తీసి, “ఉండమ్మా, నీ పేరు నేను రాసిపెడతాగా” అనెను. ముప్పది యేండ్లకు పైబడిన మా మాటయే మా చెవిని పడినట్లయినది. “వద్దమ్మా, ఈసారికి వేలిముద్రయే కానిమ్ము. వచ్చే పరీక్షలలోగా అమ్మకు పేరు వ్రాయుట నీవు నేర్పవలెను” అని చెప్పి, ఒక తెల్లకాగితము మీద ఆమె పేరు పెద్ద అక్షరములతో వ్రాసి యిచ్చితిమి. ఆమె దానిని కొంతసేపు చూచి, మడిచి, కొంగున ముడివేసికొన్నది. ఏమియు అనలేదు. ఏమి అనుకొన్నదో వచ్చేసారి ఆమెనే అడుగుదుము.