మచ్చలు పోతే జబ్బు పోయినట్టు కాదు

డల్లాస్‌లో మా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక బ్లూ టాంగ్, కొన్ని పగడాలు, నత్తలు, ఒక క్లీనర్ రొయ్య అందులో ఉంటాయి. ఆ మధ్య టాంగ్ రాళ్లకు ఒళ్లు రాసుకోవడం మొదలుపెట్టింది. మర్నాటికి రెక్కల మీద ఉప్పురవ్వంత తెల్లమచ్చలు తేలాయి. దీన్ని మెరైన్ ఇక్ అంటారు. క్రిప్టోకారియాన్ ఇరిటన్స్ అనే ఏకకణ పరాన్నజీవి వల్ల వస్తుంది. బ్లూ టాంగ్‌లను ఇది తరచుగా పట్టుకుంటుంది.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మావయ్యకి ఫోన్ చేశాను. రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ వేరు, ఇది వేరు. అయినా ఆయన ఎప్పటిలాగే అడిగారు: “ముందు నీళ్లు చూశావా? మేత తింటోందా? ఊపిరెలా తీస్తోంది?”

ఏ చేపకు జబ్బు చేసినా అడగాల్సినవి ఇవే. అమ్మోనియా లేదు, ఉప్పునీటి సాంద్రత 1.025 ఉంది. నోరి అనే ఎండు సముద్రపు నాచు తింటోంది, మొప్పలు నిదానంగానే ఆడుతున్నాయి. మచ్చలు సన్నటి పొడి చల్లినట్టుండి, చేప ఎగశ్వాస తీస్తుంటే అది వెల్వెట్ అనే మరో జబ్బు కావచ్చు. వెల్వెట్ అయితే రోజుల్లోనే ప్రాణం పోతుంది, ఆలోచించే వ్యవధి ఉండదు.

ఇక్ ఎక్కువమందిని మోసం చేసేది నాలుగైదు రోజుల తర్వాత. మచ్చలు వాటంతటవే రాలిపోతాయి. వెల్లుల్లి రసం పనిచేసిందనో, నీళ్లు మార్చినందుకు తగ్గిందనో అనుకుంటాం. నిజానికి ఆ పురుగు చేప చర్మంలో 3 నుంచి 7 రోజులుండి, కిందికి దిగి రాయికో ఇసుకకో అంటుకుని గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లోంచి వందల పిల్లలు బయటికొచ్చి మళ్లీ చేపను వెతుక్కుంటాయి. మందు పనిచేసేది ఆ ఈదే దశలోనే. చర్మంలో ఉన్నదాన్నీ గూట్లో ఉన్నదాన్నీ అది తాకలేదు. అందుకే రాగి మందును మోతాదు తగ్గకుండా 30 రోజులు నిలబెట్టాలి.

ఆ రాగిని పెద్ద ట్యాంకులో పొయ్యకూడదు. పగడాలు, నత్తలు, రొయ్యలు చచ్చిపోతాయి. చేపలన్నిటినీ, మచ్చల్లేనివాటితో సహా, వేరే ట్యాంకులోకి మార్చాం. అందులో ఇసుక, రాళ్లు ఉండవు, అవి రాగిని పీల్చేసుకుంటాయి. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, ఒక స్పాంజి ఫిల్టరు, హీటరు చాలు. అమ్మోనియా, రాగి రోజూ పరీక్షించాలి. రాగి తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేప తట్టుకోలేదు.

పెద్ద ట్యాంకును మాత్రం చేపల్లేకుండా వదిలెయ్యాలి. చేప దొరక్కపోతే ఆ పిల్లలు ఒకటి రెండు రోజుల్లో చస్తాయి. కానీ కొన్ని గూళ్లు ఆలస్యంగా, 72 రోజులకు కూడా పగిలినట్టు నమోదైంది. అందుకే ఈ అభిరుచి ఉన్నవాళ్లు 76 రోజుల లెక్క పాటిస్తారు. మావయ్యకి ఈ మాట వెంటనే అర్థమైంది. “పంట తీశాక మేం చెరువు ఎండగట్టమూ? అదీ అంతే,” అన్నారు.

మా టాంగ్ కోలుకుంది. పెద్ద ట్యాంకులోకి తిరిగొచ్చాక మచ్చలు మళ్లీ రాలేదు.

కొత్త ప్రాణిని ముందు విడిగా ఉంచితే ఈ తిప్పలే ఉండవు. విదేశాల నుంచి తెచ్చే వనామీ రకం తల్లి రొయ్యల్ని కూడా చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షించాకే హేచరీలకు పంపుతారు. లక్షల పెట్టుబడిని కాపాడే ఆ పద్ధతే మన ఇంటి చేపనూ కాపాడుతుంది. అక్వేరియం పెట్టాలనుకునేవాళ్లకు నా మనవి ఒక్కటే: పెద్ద ట్యాంకుతో పాటే ఒక చిన్న ట్యాంకూ కొనండి. కొత్త చేప ఎంత ఆరోగ్యంగా కనబడినా నెల రోజులు అందులో ఉంచి చూడండి. పగడం ముక్క మీద కూడా గూళ్లు అంటుకుని రావచ్చు కాబట్టి దాన్ని చేపల్లేని నీళ్లలో ఆ 76 రోజులూ ఆపండి. సముద్రం నుంచి తెచ్చుకున్న ప్రాణానికి మనం చెయ్యగలిగిన మొదటి వైద్యం అదే.