చెప్పుల స్టాండు టోకెను

హెచ్‌టీటీపీకి మతిమరుపండీ. జవాబిచ్చేశాక మీరెవరో దానికి గుర్తుండదు. అందుకే 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లి కుకీ కనిపెట్టాడు. గుడి దగ్గర చెప్పుల స్టాండు లాగన్నమాట: బ్రౌజరు దగ్గర టోకెను, సామాను సర్వర్లో. దానిపేరే సెషన్.

చిక్కేమిటంటే, సబ్మిట్ నొక్కేదాకా మీరు టైపు చేసింది సర్వరుకి తెలీదు. ఈలోగా సెషన్ గడువు నడుస్తూనే ఉంటుంది. పీహెచ్‌పీలో ఎవరూ మార్చకపోతే అది 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. తర్వాత చెత్తకింద లెక్క. మా నాన్నకి రెండు వేళ్ళతో పెన్షను ఫారం నింపడానికి గంట పడుతుంది. మధ్యలో ఏదో కాగితం కోసం బీరువా వెతికి వచ్చి సబ్మిట్ నొక్కితే 'సెషన్ ఎక్స్‌పైర్డ్'. పాపం, తనే ఏదో తప్పు నొక్కాననుకుని మళ్ళీ మొదలెడతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఒక్కో గడి దాటగానే జావాస్క్రిప్టు వెనకనుంచి చిన్న పోస్ట్ రిక్వెస్టు పంపితే రాసింది సెషన్లో చేరుతుంది, గడువూ మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. (పీహెచ్‌పీ సెషన్ ఫైలుకి తాళం వేస్తుంది, రిక్వెస్టులు క్యూ కడతాయి. రాయగానే తాళం తీసెయ్యండి.) బీరువా దగ్గరే పూటంతా గడిపేవాళ్ళకి అదీ చాలదు, డేటాబేసులో డ్రాఫ్టుగా దాచాల్సిందే. పెద్ద పనేం కాదు. బటన్ రంగు మీద మేం మీటింగుల్లో అంతకన్నా ఎక్కువసేపే కొట్టుకుంటాం.