డబ్లిన్ నేర్పిన చదువు

పిల్లలూ! ఈసారి మనం ఐర్లండు దేశానికి ముఖ్యపట్టణమైన డబ్లిన్‌కు పోదాం, రండి.

ఊరి నడుమ లిఫీ అనే నది పారుతూ వుంటుంది. వంతెన దాటి ఓకానెల్ వీధిలోకి వెళ్ళితే పెద్ద పోస్టాఫీసు కనిపిస్తుంది. 1818లో కట్టిన భవనం అది. దాని ముందున్న రాతి స్తంభాలను చేత్తో తడిమి చూడండి. అక్కడక్కడా గుంటలు తగులుతాయి. అవి తుపాకి గుండ్ల గుర్తులు! ఆ గుండ్లు పేలిన రోజుల్లో మన తెలుగు కుర్రవాడొకడు ఈ ఊళ్ళో చదువుకుంటూ వుండేవాడు.

అతని పేరు వరాహగిరి వెంకటగిరి. ఊరు బరంపురం. ఇప్పుడది ఒడిశాలో వుంది గాని, ఆ కాలంలో మద్రాసు రాజధానిలో వుండేది. తండ్రి జోగయ్య పంతులుగారు వకీలు. గిరి కూడా న్యాయశాస్త్రం చదవాలని 1913లో డబ్లిన్ చేరాడు. అప్పటి కతనికి ఇరవై యేళ్ళు నిండలేదు.

ఆ యేడే డబ్లిన్‌లో ఒక పెద్ద పోరాటం మొదలయింది. “కార్మికసంఘంలో చేరమని రాసి యివ్వండి,” అన్నారు యజమానులు. పనివాళ్ళు ఒప్పుకోలేదు. సుమారు 20,000 మందికి పనులు పోయాయి. చలికాలమంతా వాళ్ళ పిల్లలు ఆకలితో మాడారు. ఆ పనివాళ్ళ నాయకులలో జేమ్స్ కానలీ అనే ఆయన ఒకడు.

ఐర్లండు కూడా అప్పుడు మనలాగే ఇంగ్లీషువారి పాలనలో వుండేది. 1916 ఏప్రిల్ 24న స్వాతంత్ర్యవీరులు ఆ పోస్టాఫీసును పట్టుకుని, తమ దేశం స్వతంత్రమయిందని చాటారు. ఊళ్ళో ఆరు రోజులు యుద్ధం సాగింది. సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ అనే తోటలో కూడా కాల్పులు జరిగాయి. అయితే ఒక వింత వినండి! తోటమాలి చెరువులోని బాతులకు మేత వేసేటప్పుడు మాత్రం ఇరుపక్షాలవారూ కాల్పులు ఆపేవారు!

చివరకు వీరులు ఓడిపోయారు. కానలీని కాల్చి చంపారు. గిరి చదివే కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పిన కవి తామస్ మెక్‌డోనాను కూడా కాల్చి చంపారు. పాఠం చెప్పిన గురువుకు అటువంటి గతి పడితే శిష్యుల మనసు ఎలా వుంటుందో ఊహించండి!

ప్రభుత్వానికి గిరి మీద కూడా అనుమానం కలిగింది. దేశం విడిచి పొమ్మని ఉత్తరువు వచ్చింది. 1916లోనే అతను తిరిగి వచ్చేశాడు.

వచ్చి ప్లీడరీ ప్రారంభించాడు. కాని డబ్లిన్ పనివాళ్ళను మరిచిపోలేదు. కొద్ది కాలానికే రైల్వే కార్మికుల మధ్యకు వెళ్ళాడు. వాల్తేరు నుంచి కలకత్తాకు రైళ్ళు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో, 1928లో కొందరిని పనిలోంచి తీసివేశారు. కార్మికులు సమ్మె కట్టారు. గిరి వారిని శాంతంగా నడిపించాడు. కంపెనీ దిగివచ్చింది.

ఆ గిరిగారే 1969లో మన రాష్ట్రపతి అయినారు.

ఆయన డబ్లిన్ వెళ్ళింది న్యాయశాస్త్రం చదవడానికే. కాని ఆకలితో వుండి కూడా తలవంచని మనుషులను అక్కడ చూశారు. మీలో ఎవరైనా రేపు పైచదువులకు పరదేశం వెళ్ళితే, పుస్తకాలతోపాటు ఆ ఊరి మనుషులను కూడా చూడండి. డబ్లిన్‌కే వెళ్ళితే, ఆ చెరువులో బాతులను చూడడం మరిచిపోకండేం!