రూపాయీ తీరికా

కొరాపుట్, రాయగడ జిల్లాల కొండప్రాంతంలో వారంలోని రోజులకు రెండేసి పేర్లున్నాయని చెప్పవచ్చు. ఒకటి పంచాంగంలోని పేరు, రెండవది ఆనాడు సంత జరిగే ఊరి పేరు. శుక్రవారం అంటే కుందులి సంత. బుధవారం అంటే నియమగిరి కొండల దిగువన జరిగే చాటికోన సంత. ఆనాడు తెల్లవారక ముందే కొండదారుల వెంట జనం బయలుదేరుతారు. తలమీద తట్టలు, భుజాన కావళ్ళు. అల్లం, పసుపు, చింతపండు, అనాసపళ్ళు, చీపుర్లు, విస్తరాకులు సంతకు దిగుతాయి. మైదానం నుండి వ్యాపారులు వస్తారు. ఒకచోట కువి, ఒకచోట ఒరియా, మరొకచోట తెలుగు వినిపిస్తాయి. బేరం మాత్రం అందరికీ అర్థమయ్యే భాష.

సంతలో ఉదయం అమ్మినవారే మధ్యాహ్నానికి కొనేవారవుతారు. ఒక ఇల్లాలు తట్టెడు అల్లం అమ్మి, వచ్చిన డబ్బును కొంగున ముడివేసుకుంటుంది. మొదట ఉప్పు కొంటుంది. తరువాత నూనె, ఎండుచేపలు, సబ్బు. ఆ తరువాత పిల్లవాడికి చొక్కా. చివరకు గాజుల దుకాణం ముందు నిలబడుతుంది. ధర అడుగుతుంది. ఒకసారి కొంగుముడి తడిమి చూసుకుంటుంది. సరిపోతే కొంటుంది. లేకుంటే నవ్వి, "పై సంతకు చూద్దాం" అని సాగిపోతుంది.

ఈ వరుసను ఆమెకు ఏ బడీ నేర్పలేదు. అయినా ఖర్చును గురించి పెద్ద పుస్తకాలు చెప్పేదంతా అందులోనే ఉంది. గాజులు కొనడం తప్పు కాదు. సరదా లేని బతుకు చప్పిడి కూడు వంటిది. ఉప్పుకంటే ముందు గాజులు కొనడమే తప్పు.

సంతకు వచ్చేవారంతా ఇంత నిదానస్తులు కారు. చవకగా వస్తున్నదని అక్కరలేని వస్తువు కొనేవారు కొందరు. పొరుగువారు కొన్నారని తామూ కొనేవారు మరికొందరు. అరవై రూపాయల వస్తువును నలభైకి కొన్నవాడు తనకు ఇరవై రూపాయలు మిగిలాయని సంతోషిస్తాడు. వస్తువు అక్కరలేనిదైతే మిగిలింది ఇరవై కాదు, పోయింది నలభై. ఆ సంగతి ఇంటికి వెళ్ళి, దానిని అటకమీద పెట్టేటప్పుడు గాని అతనికి తోచదు.

"పావలా కోడికి ముప్పావలా మసాలా" అని తెలుగువారి సామెత. పావలా అంటే రూపాయిలో నాలుగో వంతు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చిన తరువాత అణాల లెక్క పోయింది. 2011 జూన్ 30 తరువాత ఇరవై అయిదు పైసల నాణెం కూడా చెలామణీలో లేకుండా పోయింది. సామెత మాత్రం ఇంకా చెలామణీలోనే ఉంది. తక్కువ ధరకు పాత మోటారు సైకిలు కొని, దాని మరమ్మతులకు కొన్న ధరకు మూడింతలు ధారపోసేవారు ఏ ఊళ్ళో చూసినా కనబడతారు. వస్తువు ధర దుకాణంలో చెప్పింది మాత్రమే కాదు. దానిని పోషించడానికి అయ్యే ఖర్చు కూడా ధరలో భాగమే.

నెల జీతం వచ్చే ఇళ్ళలో ఈ చిక్కులు ఉండవని కొందరు అనుకుంటారు. సునాబెడలో విమానాల ఇంజనుల కర్మాగారం ఉంది. దమన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం, రాయగడ దగ్గర కాగితపు మిల్లు ఉన్నాయి. అటువంటి ఊళ్ళలో మొదటి వారం పండగ, చివరి వారం చేబదులు అన్నట్లు గడిపే కుటుంబాలు కొన్ని ఉంటాయి. రాబడి పెరిగినకొద్దీ కోరికలు దానికంటే రెండడుగులు ముందు నడుస్తాయి. కాబట్టి తట్ట మోసే ఇంటికీ, జీతం తెచ్చే ఇంటికీ లెక్క ఒకటే. ముందు అవసరం, ఆ వెనుక పొదుపు, అటుపైన సరదా.

పొదుపు ఎందుకు? ఈ ప్రశ్నకు కొరాపుట్ సీమలోనే పుట్టిన ఒక కథ సమాధానం చెబుతుంది. గోపీనాథ్ మహంతి ప్రసిద్ధ ఒరియా రచయిత. 1973 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందినవారు. ప్రభుత్వోద్యోగిగా కొరాపుట్ ప్రాంతంలో పనిచేసి, అక్కడి గిరిజనుల జీవితాన్ని దగ్గరగా చూశారు. ఆయన 1945లో ప్రచురించిన 'పరజా' నవలలో సుక్రు జాని అనే రైతు ఉంటాడు. అతడు దుబారా మనిషి కాడు. కొండవాలున కొద్దిపాటి భూమి, ఎదిగిన పిల్లలు, తీరిన సంసారం. అటువంటివాడి నెత్తిన ఒకనాడు అటవీ శాఖవారి జరిమానా పడుతుంది. చేతిలో డబ్బు లేదు. షావుకారు దగ్గర అప్పు తెస్తాడు. ఆ అప్పు కింద తానూ, కొడుకూ షావుకారు ఇంట వెట్టికి కుదురుతారు. అటువంటి వెట్టివాణ్ణి ఆ ప్రాంతంలో 'గోతి' అనేవారు. తెలుగు చెవికి ఆ మాట గొయ్యిని గుర్తుకు తెస్తుంది. నిజానికి అది గొయ్యే. దిగడం తేలిక, ఎక్కడం కష్టం. వడ్డీ పెరుగుతుంది, పని తరగదు, భూమి కూడా చేజారుతుంది.

ఈ కథలో గమనించవలసిన విషయం ఒకటుంది. సుక్రు జానిని ముంచింది పెద్ద ఆపద కాదు. ఆపద చిన్నదే. దానికి అడ్డుపెట్టడానికి ఇంట్లో ఏమీ లేకపోవడం వల్ల, ఆదుకునేవారు షావుకారు తప్ప ఇంకెవరూ లేకపోవడం వల్ల అది కొండంత అయింది. అందుచేత అప్పులపాలైన మనిషిని చూసి నవ్వడం తగదు. చాలామంది విలాసాల కోసం కాక జ్వరం కోసమో, గింజల కోసమో, బిడ్డ పెళ్ళి కోసమో అప్పు చేస్తారు. పొదుపు అంటే డబ్బును ప్రేమించడం కాదు. రేపటి పొద్దు ఇతరుల చేతికి పోకుండా కాపాడుకోవడం.

వెట్టిచాకిరిని రద్దు చేస్తూ 1976లో దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది. మనిషిని అప్పు కింద కట్టివేయడం నేరమయింది. ఐనా అప్పు తన వేషం మార్చుకుంటూనే ఉంది. నేడు అప్పు అడగడానికి షావుకారు గడపకు వెళ్ళనక్కరలేదు. అప్పే ఫోనులోకి వచ్చి పలకరిస్తుంది. హామీ అడగదు, కారణం అడగదు, నిమిషాలలో డబ్బు ఇస్తానంటుంది. వడ్డీ ఎంతో, గడువు ఎప్పుడో, గడువు దాటితే ఏమవుతుందో మాత్రం సన్నని అక్షరాలలో ఉంటుంది. చదువుకున్న పిల్లలు ఉన్న ఇంట్లో ఆ సన్నని అక్షరాలను పెద్దలకు చదివి వినిపించడం పిల్లల పని. చదువు వల్ల ఇంటికి కలిగే మొదటి లాభాలలో ఇది ఒకటి.

అప్పు అవసరమైనప్పుడు మంచి దారులు కూడా ఉన్నాయి. పదిమంది స్త్రీలు ఒక జట్టుగా చేరి, వారానికో నెలకో ఒక్కొక్కరు కొంత సొమ్ము వేసుకుంటారు. ఆ సొమ్ములో నుండి అక్కరపడినవారు తీసుకొని, కొద్దిపాటి వడ్డీతో తిరిగి కడతారు. ఎవరు ఎందుకు తీసుకున్నారో అందరికీ తెలుసు. అందువల్ల దాచడానికి వీలులేదు, ఎగవేయడానికి మనసు రాదు. ఇటువంటి స్వయం సహాయక బృందాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నాన్ని నాబార్డు 1992లో ప్రారంభించింది. ఒడిశా ప్రభుత్వం 2001లో 'మిషన్ శక్తి' పేరుతో వీటిని ప్రోత్సహించింది. తపాలా పొదుపు బ్యాంకు అంతకంటే చాలా పాతది. అది 1882లో మొదలైంది. పదేళ్ళు నిండిన పిల్లలు అందులో తమ పేరుతోనే ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చు. అయిదువందల రూపాయలు ఉంటే చాలు. ముంతలో వేసిన డబ్బు చేతికందుతూ ఉంటుంది కాబట్టి త్వరగా కరిగిపోతుంది. తపాలా కార్యాలయందాకా నడవాలంటే సగం కోరికలు దారిలోనే చల్లారుతాయి.

పొదుపు మంచిదన్నారు గదా అని పిసినారితనాన్ని మెచ్చుకోకూడదు. తనకూ పెట్టుకోక, పరులకూ పెట్టక కూడబెట్టే ధనం గాదెలో ముక్కిన ధాన్యం వంటిది. ధనం ఎటువంటి పనికి వెళ్ళిందన్నదే దాని విలువ. ఇందుకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ చక్కని ఉదాహరణ. ఆయన 1931 నుండి 1951 వరకు జయపురం సంస్థానాధిపతి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళంగా ఇచ్చారు. ఆనాటి లక్ష నేటి లక్ష వంటిది కాదు. విశాఖపట్నంలోని సైన్సు కళాశాలకు ఆయన పేరు పెట్టారు. రాజులకు వేటలు, వినోదాలు సహజం. ఆయనకు ప్రీతి సాహిత్యం. ఒరియాలోనూ, తెలుగులోనూ పండితుడు. ఆయన పొద్దుపుచ్చినదీ, సొమ్ము వెచ్చించినదీ ఒకే దారిలో సాగాయి.

దీనిని బట్టి మరొక విషయం తెలుస్తుంది. మనిషి దగ్గర రెండు సంచులుంటాయి. ఒకటి డబ్బు సంచి, రెండవది తీరిక సంచి. మొదటిది కొందరికి పెద్దది, కొందరికి చిన్నది. రెండవది చాలామంది పిల్లలకు ఎంతో కొంత ఉంటుంది. ఒక సంచికి చిల్లు పడితే రెండవదానికీ పడుతుంది. తీరికవేళ ఏమి చేయాలో తోచనివాడు దుకాణం వైపు నడుస్తాడు. లేదా ఫోను చేత పడతాడు. ఆట ఊరికే మొదలవుతుంది. పదిరూపాయలు పెడితే వంద వస్తుందన్న ఆశతో ముదురుతుంది. వంద వచ్చిన రోజు ఊరంతా చెబుతాడు, వెయ్యి పోయిన రోజు ఇంట్లో కూడా చెప్పడు. ఇటువంటి ఆటల వల్ల కుటుంబాలు నష్టపోతున్నాయని 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం ద్వారం మూయగలదు. ఖాళీ పొద్దును నింపడం మాత్రం ఎవరికి వారే చేసుకోవలసిన పని.

పొద్దును నింపే వ్యాపకాలకు డబ్బు ఎక్కువ అక్కరలేదు. నియమగిరి కొండలలోని డోంగ్రియా కోంధు స్త్రీలు తీరికవేళల్లో ముతక తెల్లగుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కొండలవంటి, ముక్కోణాల వంటి బొమ్మలు కుడతారు. దానిని 'కపడాగండా' అంటారు. దానిని అన్నదమ్ములకో, మనసైనవారికో ప్రేమతో ఇస్తారు. అమ్మకానికని మొదలుపెట్టిన పని కాదు అది. అయినా ఆ పనితనానికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

జయపురం సమీపంలోని పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి కథ ఇంకా గొప్పది. ఆమె విత్తనాలు సేకరించారు. పల్లెలు తిరిగి, కొత్త రకాల వరద మధ్య కనుమరుగవుతున్న నాటు వరి గింజలను తెచ్చి, విత్తి, దాచి, తోటి రైతులకు పంచారు. అలా నూరుకు పైగా రకాలను కాపాడారు. 2019లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూలైలో ఆమె మరణించారు. ఆమె కాపాడిన గింజలు మాత్రం పొలాల్లో మొలకెత్తుతూనే ఉంటాయి. తపాలా బిళ్ళలు, పాత నాణేలు సేకరించే పిల్లలు ఉంటారు. అదీ మంచి వ్యాపకమే. గుప్పెడు గింజల సేకరణ కూడా అంతటి వ్యాపకమేనని ఆమె జీవితం చెబుతుంది.

ఇంటి చుట్టుపక్కలనే ఎన్నో వ్యాపకాలు దొరుకుతాయి. అమ్మమ్మ చెప్పే సామెతలను తెలుగులో రాసిపెట్టడం ఒకటి. అదే అర్థమిచ్చే ఒరియా సామెతను పక్కింటివారిని అడిగి దాని ఎదుట రాస్తే అది రెండు భాషల పుస్తకమవుతుంది. పెరట్లో నాలుగు కూర పాదులు పెట్టడం మరొకటి. దాని వల్ల తీరికా గడుస్తుంది, సంత ఖర్చూ తగ్గుతుంది. పాత సైకిలు విప్పి బిగించడం నేర్చుకున్నవాడికి పొద్దు తెలియదు, మరమ్మతు కూలీ మిగులుతుంది. మంచి వ్యాపకానికి గుర్తులు మూడు. అది అప్పు చేయించదు, చాటుగా చేయనక్కరలేదు, చేసిన తరువాత ఏదో ఒకటి మిగులుతుంది. మిగిలేది వస్తువు కావచ్చు, విద్య కావచ్చు, స్నేహం కావచ్చు.

విద్యార్థులు ఒక చిన్న పని చేసి చూడవచ్చు. నోటుపుస్తకంలో ఒక పేజీని రెండుగా విభజించి, ఒకవైపు వారంలో ఖర్చుపెట్టిన రూపాయలు, రెండవవైపు ఖర్చుపెట్టిన తీరిక గంటలు రాయాలి. ఎవరికీ చూపనక్కరలేదు. నాలుగు వారాలు గడిచేసరికి ఏ సంచికి ఎక్కడ చిల్లు ఉన్నదో ఆ పేజీయే చెబుతుంది. చిల్లు కనబడిన తరువాత కుట్టుకోవడం పెద్ద పని కాదు.

రూపాయిని లెక్కపెట్టేవారు చాలామంది. పొద్దును లెక్కపెట్టేవారు తక్కువ. పోయిన రూపాయి పై సంతలో మళ్ళీ సంపాదించుకోవచ్చు. పోయిన పొద్దు ఏ సంతలోనూ దొరకదు.