మొదటి మీటర్ని పాడుచేసింది నేనే

పోస్టు కొంచెం పొడుగే. మధ్యలో ల్యాబు సంగతులు వస్తాయి, ఎలక్ట్రానిక్స్ చదవని వాళ్లు కంగారుపడొద్దు, అర్థమయ్యేలాగే రాస్తా.

మా కాలేజీ ల్యాబులో రెండు పాత మల్టీమీటర్లు ఉండేవి. హెచ్‌పీ 3478ఏ, 1980ల నాటి మోడల్. బల్ల మీద పెట్టుకునే రకం, ఐదున్నర అంకెల దాకా చూపిస్తుంది. థర్డ్ ఇయర్‌లో ఒక సాయంత్రం ఎవరూ లేనప్పుడు ఒకదాన్ని విప్పా. సార్ దగ్గర మెప్పు పొందుదామని, అంతే. లోపల 3 వోల్టుల లిథియం సెల్ ఒకటి బోర్డుకి సోల్డర్ చేసి ఉంది. కొలిస్తే 2.3 వోల్టులు. అయిపోవచ్చిందిలే అని ప్లగ్ తీసి, సెల్ పీకి, కొత్తది పెట్టా. పది నిమిషాల పని. ఆన్ చేస్తే కాలిబ్రేషన్ లేదని తెర మీద వచ్చింది. 5 వోల్టులు ఇస్తే ఇంకేదో చూపిస్తోంది.

జరిగింది ఇదీ. అంతకు ముందు కాలం మీటర్లలో సరిచేయడానికి లోపల తిప్పే చిన్న స్క్రూలు ఉండేవి. ఇందులో అలా కాదు. ఏ రేంజిలో ఎంత తేడా వస్తుందో, ఎంత సరిచేయాలో ఆ అంకెలన్నీ ఒక చిన్న ర్యామ్‌లో ఉంటాయి. కరెంటు పోతే ర్యామ్ అన్నీ మర్చిపోతుంది. మీటర్ ఆపి ఉన్నన్నాళ్లూ దాన్ని బతికించేది ఆ సెల్లే. అది తాగేది మైక్రో ఆంపియర్లే కాబట్టి ఏళ్ల తరబడి వస్తుంది. నేను ఆ ఒక్క ఆధారాన్నీ తీసేశా. తర్వాత ఫోన్లో మా అమ్మకి ఇదంతా చెబితే, "బూడిద కింద నిప్పు ఆర్పేసి, కొత్త పొయ్యి పెట్టావన్నమాట" అంది. సరిగ్గా అదే.

అప్పుడు మాత్రం ఎవరికీ చెప్పలేదు. క్లాసులో ఏజెన్సీ నుంచి వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. "రిజర్వేషన్ సీటుకిస్తే ఇట్లాగే ఉంటది" అనే మాట అంతకుముందే రెండుసార్లు విని ఉన్నా. మూడోసారి వినే ఓపిక లేదు. బయట కాలిబ్రేషన్ చేయిస్తే అయ్యే ఖర్చు విని, సార్ ఆ మీటర్ని బీరువా మీద పెట్టించారు. "పాతదయింది, పోయింది" అన్నారు. నేను తలూపా.

ఇప్పుడు అదే ల్యాబులో టెక్నీషియన్‌ని. పోయిన నెల రెండో మీటర్ సెల్ కొలిచా. 2.4. ఈసారి తొందరపడలేదు.

ముందు ర్యామ్‌లో ఉన్నది బయటికి రాసుకున్నా. మీటర్ వెనక జీపీఐబీ అనే పోర్టు ఉంటుంది. దానికి తగిన కంపెనీ అడాప్టర్ మన జేబుకి అందదు. కానీ ఆర్డుయినో బోర్డు మీద నడిచే ఏఆర్488 అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. డబ్ల్యూ అనే కమాండుతో ఒక్కో చోటు అడుగుతూ పోతే 256 చోట్లూ వచ్చేస్తాయి. రెండుసార్లు చదివి పోల్చి చూశా. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి కాగితం మీద.

తర్వాత ప్లగ్ తీసి, రెండు కొత్త పెన్సిల్ సెల్స్ కలిపి 3 వోల్టులు చేసి, పాత సెల్ కాళ్ల దగ్గరే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ తగిలించా. మధ్యలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టా. లేకపోతే కొత్త సెల్స్ నుంచి పాత లిథియంలోకి కరెంటు ఎక్కువగా వెళ్తుంది, దాన్ని చార్జ్ చేయకూడదు. ర్యామ్‌కి కావాల్సిన కాస్త కరెంటుకి ఆ రెసిస్టర్ అడ్డం కాదు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక గోడ నుంచి ప్లగ్ తీసేసి అప్పుడే ముట్టించా, ఎర్త్ తగిలి షార్టయితే మళ్లీ అదే కథ. కొత్త సెల్ నేరుగా అతికించకుండా హోల్డర్ పెట్టా. సెల్ ఒంటికి సోల్డర్ వేడి తగలడం ప్రమాదం కూడా.

సెల్ హోల్డర్లో పెట్టి, పెన్సిల్ సెల్స్ తీసేసి, ఆన్ చేశా. ఏ హెచ్చరికా రాలేదు. మళ్లీ 256 చదివితే కాగితంతో సరిపోయాయి. కాసేపు కూర్చుండిపోయా.

మర్నాడు సార్‌కి మొదటి మీటర్ సంగతి చెప్పా. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "అప్పుడే చెప్పి ఉంటే నేనూ నేర్చుకునేవాణ్ని కదరా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండోదాని అంకెలు మొదటిదానికి పనికిరావు, ఏ మీటర్ తేడా దానిదే. అందుకని అది ఇంకా బీరువా మీదే ఉంది.

మీ పాలిటెక్నిక్‌లో, కాలేజీలో ఇలాంటి పాత మీటర్ ఉంటే విప్పకముందు మోడల్ నంబరు కామెంటులో పెట్టండి. జీపీఐబీ ఉన్నదైతే నా ఆర్డుయినో బోర్డు పట్టుకొస్తా, సెలవుల్లో ఖాళీయే.