పంగిడి గట్ల మీద పరగ్రహం పని

కొవ్వూరు దాటి పంగిడి వైపు వెళ్తుంటే వరిచేలు వెనకబడతాయి, నేల ఎర్రబడుతుంది, నల్ల కంకర టిప్పర్లు ఎదురవుతాయి. కోనసీమలో ఎంత తవ్వినా ఒండ్రే. అక్కడ శ్లాబు వెయ్యాలన్నా రోడ్డు వెయ్యాలన్నా రాయి ఇలాంటి మెట్ట నుంచి దిగాల్సిందే.

నన్నిక్కడికి లాక్కొచ్చింది ఓ కంప్యూటర్ ఆట. ఎలైట్ డేంజరస్‌లో గాలిలేని రాతి గ్రహం మీద దిగి, బండేసుకుని రాళ్లు వెతకాలి. స్కానర్ మీద గీత ఎటు ముదిరితే అటు పోవాలి. రాయి కనపడితే కాల్చడం, చెదిరిన ఇనుమో నికెలో గంధకమో ఏరుకోవడం. ఏ మూలకం ఎంత శాతం ఉందో ముందే చెప్పేస్తారు కూడా. ఈ పనే గోదావరి ఒడ్డున చేస్తే ఏం దొరుకుతుందోనన్న పురుగు తొలిచింది.

గౌరీపట్నం దగ్గర క్వారీ అంచునే మేస్త్రీ ఆపేశాడు. బ్లాస్టింగ్ ఉందట.

“రాయి చూడ్డానికొచ్చారా? ఇక్కడ రాయి తప్ప ఇంకేముందండి బాబూ!”

పేలుడయ్యాక దిగాం. క్రషర్ కింద బూడిదలో జేబులోని అయస్కాంతం దొర్లిస్తే నల్లటి నూగు గడ్డంలా అంటుకుంది. లావా గడ్డకట్టిన ఈ బసాల్టు రాయిలో పదోవంతుకు పైగా ఐరన్ ఆక్సైడే. ఇనుము దొరికేసింది, ఆటైతే ఇక నౌకెక్కి వెళ్లిపోవచ్చు.

కానీ క్వారీ గోడ వెళ్లనివ్వలేదు. కింద లావా, మీద లావా, నడుమ తెల్లటి సున్నపురాతి పట్టీ. వేలితో రుద్దితే పొడి రాలింది, పొడిలోంచి చిన్న గుల్ల మెలిక బయటపడింది. రెండు లావా ప్రవాహాల మధ్య విరామంలో ఇక్కడ సముద్రపు నీళ్లు నిలిచాయన్న మాట.

“ఆయ్, అది కంకరకి పనికిరాదండి. పక్కన పోసేస్తాం” అన్నాడు మేస్త్రీ.

ఆ పనికిరాని పట్టీ కోసమే ప్రిన్స్‌టన్ నుంచి గెర్టా కెల్లర్ బృందం రాజమండ్రి క్వారీల దాకా వచ్చింది. ఇందులోని ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల శిలాజాలను చదివి, డైనోసార్లు అంతరించిన కాలానికీ దక్కన్ లావా పొంగిన కాలానికీ 2008లో ముడివేశారు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి కథ. అదే ఏడు మరో బృందం ఈ రాళ్ల రసాయన కూర్పును పడమటి కనుమల రాళ్లతో పోల్చి, లావా అక్కణ్ణుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని వాదించింది. లావా కూడా గోదారి దారే పట్టిందేమో అనిపిస్తుంది మ్యాపు చూస్తే.

రాయిని కాల్చి మూలకం తెలుసుకోవడం ఉత్త ఆటేమీ కాదు. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ లేజర్‌తో చంద్రుడి నేలను కాల్చి, ఆ మెరుపు వెలుగులో గంధకాన్ని గుర్తించింది. అయినా ఆటలో రాయికి కిందా మీదా ఉండవు. కాలిస్తే మాయమైపోతుంది, ఏ పొర మీద ఏ పొర పడిందో ఎవరూ అడగరు. క్రషర్‌కీ ఆ ఆటకీ ఇందులో తేడా లేదు.

సాయంత్రం వంతెన దాటి రాజమండ్రి పక్కన కాటేరు వెళ్లాను. ఇక్కడి గుల్లల గురించి భూవిజ్ఞానులు 19వ శతాబ్దంలోనే రాశారు. ఏటికి ఆవల చూసిన లావాయే ఇవతలా ఉంది. టీకొట్టాయన్ని దారడిగితే, “పాత క్వారీ గోతులేనా? చీకటడితే ఏం కనపడదు, పొద్దున్నే రండి” అన్నాడు. రాత్రికి ఊళ్లోనే ఉండిపోయాను.